చేతికందిన కెర్నల్

కీ ఇస్తే వాల్యూ ఇస్తుంది. దాని పని అంతే. ఆ చిన్న పని ఎక్కడ జరుగుతోందో తలుచుకుంటే మాత్రం ఒళ్లు పులకరిస్తుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ లోపల, నెట్‌వర్క్ కార్డు నుంచి సెకనుకు లక్షల ప్యాకెట్లు వచ్చిపడే చోట, బీపీఎఫ్ మ్యాపులనే పట్టికలుంటాయి. రూట్ అధికారంతో టెర్మినల్ తెరిచి ‘బీపీఎఫ్‌టూల్ మ్యాప్ షో’ అని కొట్టండి. ఒక్కొక్కటే పేరు చెప్పుకుంటూ బయటికొస్తాయి. ఐడీ 4, రకం హ్యాష్, కీ 4 బైట్లు, వాల్యూ 8 బైట్లు, పట్టే ఎంట్రీలు 1024, తీసుకున్న మెమరీ ఇంత. కెర్నల్ తన కడుపులో మాట ఇంత నిక్కచ్చిగా చెబుతుంటే ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

ఈ భాగ్యం ఊరికే రాలేదు. ఒకప్పుడు కెర్నల్ లోపలి సంగతి తెలియాలంటే, ఎవరో ముందుగా బయటపెట్టిన అంకెలతో సరిపెట్టుకోవాలి. అవి చాలకపోతే కోడ్‌లో మరో లైను రాసి, కంపైల్ చేసి, యంత్రాన్ని రీబూట్ చేయాలి. మాడ్యూల్ రాసి ఎక్కిస్తే, అందులో ఒక్క పాయింటర్ దారి తప్పినా యంత్రం మొత్తం కుప్పకూలేది. 1992లో స్టీవెన్ మెకాన్, వాన్ జేకబ్‌సన్ కలిసి ప్యాకెట్లను కెర్నల్‌లోనే వడపోసే బీపీఎఫ్‌ను రూపొందించారు. అలెక్సీ స్టారొవోయిటోవ్ దాన్ని విస్తరించగా, 2014 డిసెంబరులో వచ్చిన లైనక్స్ 3.18లో బయటి ప్రోగ్రాములు మ్యాపులను అందుకునేందుకు సిస్టమ్ కాల్ చేరింది. 2018 జనవరిలో వచ్చిన 4.15లో యాకుబ్ కిచిన్‌స్కీ మొదలుపెట్టిన బీపీఎఫ్‌టూల్ చేరింది. సీ ప్రోగ్రామ్ రాయగలిగినవాళ్లకే దక్కిన చూపు, ఒక్క లైను టైప్ చేయగల ప్రతివాళ్లకూ దక్కింది.

కీ పక్కన వాల్యూ పెట్టే అమరిక కంప్యూటర్లతో పుట్టింది కాదు, నిఘంటువుల్లో ముందే ఉంది. కడపకూ అది కొత్త కాదు. 1820లో ఉద్యోగం మీద ఈ ఊరికొచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడ బంగళా కొన్నాడు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, తాళపత్రాలు పోగుచేయించి, ప్రతికి పక్కన ప్రతి పెట్టి పాఠాలు దిద్దించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం నిలిచింది. నిఘంటువులో కావలసిన మాట దగ్గరికి వెళితే అర్థం దొరుకుతుంది, ముందున్న వేల మాటలు చదవనక్కర్లేదు. హ్యాష్ మ్యాప్ చేసేదీ అదే. కాకపోతే అచ్చయిన నిఘంటువును దిద్దాలంటే మరో ముద్రణ దాకా ఆగాలి. మ్యాప్‌ను మాత్రం ఒకరు చదువుతుండగానే దిద్దవచ్చు. హ్యాష్ మ్యాప్‌లో పాత వాల్యూ పోవడం, కొత్తది రావడం ఒక్క ఊపులో జరిగిపోతాయి.

ఆ దిద్దుబాటు ఎలా ఉంటుందో దగ్గరికెళ్లి చూద్దాం. ఒక సర్వర్ మీదికి 192.0.2.10 చిరునామా నుంచి చెత్త ప్యాకెట్లు వచ్చిపడుతున్నాయనుకోండి. ప్యాకెట్ కెర్నల్‌లోకి అడుగుపెట్టే తొలి మెట్టు మీద, ఎక్స్‌డీపీ అనే చోట, ఓ చిన్న ప్రోగ్రామ్ కాపలా ఉంది. వచ్చిన ప్రతి ప్యాకెట్ చిరునామానూ మన ఐడీ 4 మ్యాప్‌లో వెతుకుతుంది. ఉంటే పారేస్తుంది, లేకపోతే దారి ఇస్తుంది. మనం కొట్టాల్సింది ఇంతే: బీపీఎఫ్‌టూల్ మ్యాప్ అప్‌డేట్ ఐడీ 4 కీ 192 0 2 10 వాల్యూ 1 0 0 0 0 0 0 0. ఎంటర్ నొక్కగానే ఆ చిరునామాకు తలుపు మూసుకుంది. సర్వర్ ఆగలేదు, ప్రోగ్రామ్ మారలేదు, మిగతా కనెక్షన్లలో ఒక్కటీ తెగలేదు. ఆ చిరునామా మంచివాళ్లదని తేలిందా, అప్‌డేట్ బదులు డిలీట్ అని కీ ఇస్తే చాలు, మళ్లీ దారి తెరుచుకుంటుంది.

ఈ పట్టికలు ఎక్కడో పెద్ద కంపెనీల సర్వర్లలోనే ఉంటాయనుకోవద్దు. కర్నూలు ఉల్లి మార్కెట్ యార్డులో బస్తాల పక్కన నిలబడి, రేటు ఎంత పలికిందో వాట్సాప్‌లో ఇంటికి చెబుతున్న రైతు చేతిలో కూడా ఇవి ఉండవచ్చు. ఆండ్రాయిడ్ 9తో గానీ ఆ తర్వాతి వాటితో గానీ వచ్చి, కెర్నల్ 4.9 లేదా ఆపైది ఉన్న ఫోన్లలో, ఏ యాప్ ఎంత డేటా వాడిందన్న లెక్క బీపీఎఫ్ మ్యాపుల్లోనే పడుతుంది. ఇన్‌స్టాల్ చేసిన యాప్‌కు 10000 నుంచి మొదలయ్యే యూఐడీ ఒకటి దక్కుతుంది. ఆ యూఐడీయే కీ. వచ్చిన ప్యాకెట్లు, బైట్లు, వెళ్లిన ప్యాకెట్లు, బైట్లు వాల్యూ. మామూలు ఫోన్‌లో రూట్ అధికారం యజమాని చేతికి రాదు కాబట్టి ఆ మ్యాప్‌ను నేరుగా తెరవలేం. సెట్టింగుల్లో డేటా వాడకం చూసినప్పుడు కనబడే అంకెల మూలం మాత్రం అక్కడుంది.

ఆ కీని బైట్లలో చదవడంలో ఓ ముచ్చట ఉంది. యూఐడీ 10123 అనుకుంటే, మ్యాప్‌లో అది 139 39 0 0గా కూర్చుంటుంది. 39ని 256తో గుణించి 139 కలపండి, 10123 వస్తుంది. మన ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రాసెసర్లు అంకెలో చిన్న భాగాన్ని ముందు పెడతాయి. నెట్‌వర్క్ చిరునామా మాత్రం తీగ మీద ఎలా ప్రయాణిస్తుందో అలాగే, పెద్ద భాగం ముందుగా, 192 0 2 10 అని నిలుస్తుంది. నాలుగేసి బైట్ల రెండు కీలు. ఒకటి ప్రాసెసర్ అలవాటును, మరొకటి యావత్ ఇంటర్నెట్ ఒప్పందాన్ని మోస్తోంది. ఇది కళ్లారా చూసినవాళ్లకు కంప్యూటర్ నిర్మాణం పాఠం వేరే చెప్పాలా?

ఎన్ని రకాల మ్యాపులో! హ్యాష్, అర్రే సరే. నిండిపోతే చాలాకాలంగా వాడని ఎంట్రీలను తీసేసి కొత్తదానికి చోటిచ్చే ఎల్‌ఆర్‌యూ ఒకటి. ఒక్కో ప్రాసెసర్ కోర్‌కూ విడి వాల్యూ ఉంచి, లెక్కలో ఒకదానికొకటి అడ్డుపడకుండా చూసే పర్-సీపీయూ ఒకటి. రూటర్ దారి వెతికినట్టు అన్నిటికన్నా పొడవుగా సరిపోయే చిరునామా భాగాన్ని పట్టుకునే ఎల్‌పీఎమ్ ట్రై ఇంకొకటి.

ఇంత స్వేచ్ఛ ఇచ్చి కూడా కెర్నల్ పట్టు సడలనివ్వదు. కెర్నల్ లోపల మ్యాప్‌ను వాడుకునే ప్రతి బీపీఎఫ్ ప్రోగ్రామ్‌నూ నడవకముందే వెరిఫయర్ పరీక్షిస్తుంది. మెమరీ హద్దు దాటే వీలుందా, ఎక్కడైనా ఆగకుండా తిరిగే లూప్ ఉందా అని చూసి, అనుమానం తీరితేనే లోపలికి రానిస్తుంది. మనకిక మార్చాల్సిన పని లేదనుకుంటే ‘ఫ్రీజ్’ ఉంది. ఒకసారి ఆ మాట అన్నామంటే బయటి నుంచి ఇక ఎవరూ ఆ మ్యాప్‌లో రాయలేరు, మనమూ రాయలేం. చదవడానికి మాత్రం అడ్డు లేదు. దిద్దే అధికారంతో పాటు దాన్ని వదులుకునే అధికారాన్నీ మన చేతిలోనే పెట్టినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

పదో తరగతి కాగానే ఊళ్ల నుంచి పిల్లలను చేర్చుకునే ట్రిపుల్ ఐటీ 2008 నుంచి ఇడుపులపాయలో ఉంది. కర్నూలు జగన్నాథగట్టు మీద ఐఐఐటీడీఎం ఉంది. అక్కడి పిల్లలకు నా మాట ఒక్కటే. ప్రోగ్రామ్ రాయడం వచ్చాక చూద్దాంలే అని ఆగొద్దు. మ్యాప్ పుట్టించడానికి ప్రోగ్రామ్ అక్కర్లేదు. ‘బీపీఎఫ్‌టూల్ మ్యాప్ క్రియేట్’ అని, రకం హ్యాష్, కీ 4, వాల్యూ 8, ఎంట్రీలు 16 అని చెప్పి, ఓ పేరు పెట్టి, బీపీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌లో పిన్ చేయండి. టెర్మినల్ మూసినా, యంత్రాన్ని ఆపేదాకా అది అక్కడే ఉంటుంది. అందులో ఒక వాల్యూ రాయండి, లుకప్‌తో తిరిగి అడగండి. పులివెందుల నుంచి వచ్చారా, ఆదోని నుంచి వచ్చారా, ఇంగ్లీషు ఎంత వచ్చు అని అది అడగదు. అనుమతి ఉందా, కీలో నాలుగు బైట్లున్నాయా అని చూస్తుంది. ఉంటే, ఆ కెర్నల్‌ను రాసినవాళ్లకు ఇచ్చే జవాబే మీకూ ఇస్తుంది.