కుట్టిన చేతికి కూలి

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో, కొండల నడుమ సిట్టిలింగి అనే లోయ ఉంది. అక్కడ మలయాళి గిరిజనులతో పాటు లంబాడీలూ ఉంటారు. లంబాడీ అవ్వలు తమ బట్టల మీద రంగుదారాలతో వేసుకున్న కుట్టు రానురాను మరుగున పడింది. కూలి కోసం ఎందరో తిరుప్పూరుకు వలస పోయారు. 1993లో ఆ లోయలో వైద్యసేవ మొదలుపెట్టిన దంపతుల్లో ఒకరైన డాక్టర్ లలితా రెజీ చొరవతో, ఆ కుట్టు ఇంకా గుర్తున్న ఇద్దరు పెద్దావిడలు దాన్ని పడుచులకు నేర్పారు. అలా పుట్టింది పోర్గై సంఘం. ఇవాళ ఆ కుట్టు వాళ్లకు సొంత ఊళ్లోనే జీవనాధారం.

కానీ మన చేతిపనికి ధర కట్టేటప్పుడు గుడ్డకు, దారానికి ఎంతయిందో అందరం లెక్క వేస్తాం. వంగిన మెడకు, లాగిన కళ్లకు, కుదరక విప్పి మళ్లీ కుట్టిన గంటలకు మాత్రం వేయం. "ఖాళీగా ఉన్నప్పుడు చేసిందేగా" అని మనమే ధర తగ్గించేస్తాం. ఆ నష్టం మన ఒక్కరిదే కాదు. అదే పనితో పిల్లల్ని సాకే పక్కింటావిడ ధరా పడిపోతుంది. ఇది అన్యాయం.

చేతిపని చేసే అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా! పని మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ రాసిపెట్టుకోండి. మీ ఊరి రోజుకూలికి తగ్గకుండా ఆ గంటలకు విలువ కట్టండి, నేర్పుకు కొంత కలపండి, తడబడకుండా చెప్పండి. కొనేవాళ్లకూ ఒక విన్నపం: పెద్ద దుకాణంలో చీటీ మీది ధర మారుమాట్లాడకుండా ఇస్తాం కదా, చేతికుట్టు దగ్గర బేరమాడకండి.