నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు

మదనపల్లె గురించి ఎవరు అడిగినా నా నోట ముందుగా వచ్చేవి బయటినుంచి వచ్చినవాళ్ల పేర్లే. 1915లో అనిబిసెంట్ పెట్టిన బీటీ కాలేజీ. అక్కడ ఇంగ్లిషు సాహిత్యం చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయిన ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్. 1919 ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చి, ఇక్కడే ‘జనగణమన’ను తన చేత్తో ఇంగ్లిషులోకి మార్చిన రవీంద్రుడు. ఆ పాటకు స్వరం రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్. ఊరి బయట ఆరోగ్యవరం శానిటోరియంలో క్షయరోగులకు వైద్యం చేసిన డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్ మోలర్. ఈ పేర్లు చెప్పేటప్పుడు నా గొంతులో గర్వం ఉంటుంది. ఇంత చిన్న ఊరికి ఇంతమంది వచ్చారంటే, ఊరి మనసు పెద్దదని నమ్ముతూ వచ్చాను.

ఉద్యోగ విరమణ తర్వాత ఒక కాలేజీవాళ్లు నాకో పని అప్పగించారు. ఇతర దేశాలనుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లలకోసం, ఈ ప్రాంతాన్ని పరిచయం చేస్తూ సులభమైన ఇంగ్లిషులో ఒక చిన్న పుస్తకం రాయాలి. చరిత్ర భాగం ఒక్క ఊపులో పూర్తయింది. హార్స్‌లీ కొండలు, రిషీవ్యాలీ, టమాటా మార్కెట్టు, నీరుగట్టువారిపల్లె పట్టుచీరలు కూడా అయిపోయాయి. ‘ఎక్కడ ఉండాలి’ అన్న పేజీ దగ్గర కలం ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో నాకు తెలుసు. మా మిద్దె మీద గది ఖాళీగా ఉంది. బాడుగకు అడుగుతూ ఆఫ్రికానుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు మా గడప తొక్కారు. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. ఆ మాటకు కట్టుబడి ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంతగా ఆలోచించాల్సిన అవసరం ఎందుకొచ్చిందా అన్నదే ఇప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్న.

నా దగ్గర కారణాలకు కొదవ లేదు. విదేశీయుడికి గది ఇస్తే 24 గంటల్లో ఆ వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు తెలపాలి. నాకు కంప్యూటర్ అంతంతమాత్రమే. మా వంటింట్లో మాంసం వండరు. ఎదురింటివాళ్లు ఏమనుకుంటారో తెలియదు. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ జేమ్స్ కజిన్స్ దంపతులే నా గడపలో నిలబడితే ఈ కారణాల్లో ఎన్ని గుర్తొచ్చేవి? ఆ దంపతులు శాకాహారులన్న మాట నిజమే, వంట విషయంలో వాళ్లతో ఎవరికీ ఇబ్బంది లేదు. అయినా వాళ్లు ఏం తింటారని నేను ముందుగా అడిగి ఉండేవాణ్ణి కానని నాకు బాగా తెలుసు.

రంగు ఒక కారణం. దాన్ని దాచి లాభం లేదు. మనింట్లో పెళ్లి సంబంధాల మాటల్లో చిన్నప్పటినుంచీ విన్నది నాలో లేకుండా ఎలా పోతుంది? కానీ అది ఒక్కటే కాదనిపిస్తోంది. నేను గర్వంగా తలుచుకునే వాళ్లలో దాదాపు అందరూ మనకు ఏదో ఇవ్వడానికి వచ్చినవాళ్లు. చదువు చెప్పారు, వైద్యం చేశారు, పాటకు స్వరం కట్టారు. ఈ కుర్రాళ్లు తీసుకోవడానికి వచ్చారు. వాళ్లకు చదువు కావాలి, గది కావాలి, బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పేవాళ్లు కావాలి. ఇచ్చేవాణ్ణి నెత్తిన పెట్టుకోవడం తేలిక. మనల్ని అడిగేవాడి దగ్గరే మన మనసు ఎంతటిదో తేలుతుంది. అక్కడ నాది చిన్నదిగానే ఉంది.

మా ఊరినుంచి నేర్చుకోవడానికి బయటికి వెళ్లినవాడి కథ గుర్తుకొస్తోంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, తమ్ముడు నిత్యానందతో కలిపి 1911లో ఇంగ్లండు తీసుకెళ్లారు. వెనక అనిబిసెంట్ ఉంది, ఆదరించిన ధనిక కుటుంబాలున్నాయి. అయినా ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు ఆయన్ని చేర్చుకోలేదు. లండన్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఆయన గట్టెక్కలేదు. తర్వాత ఆయన పెద్ద తత్వవేత్త అయ్యాడు కాబట్టి ఆ భాగాన్ని మనం త్వరగా దాటేస్తాం. నేను ఆ పుస్తకంలో దాన్ని దాటేయదలచుకోలేదు. చలిదేశంలో, పరాయి భాషలో పరీక్ష రాస్తూ, కాదనిపించుకుంటూ గడిపిన ఆ కుర్రవాడు కూడా మదనపల్లెవాడే.

కుప్పం వెళ్లినప్పుడల్లా ఇంకో విషయం తడుతుంది. అక్కడి ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వచ్చింది. ఆంధ్ర, తమిళ, కన్నడ, కేరళ ప్రభుత్వాలు నాలుగూ చేయి కలిపిన విశ్వవిద్యాలయం అది. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసేచోట దాన్ని పెట్టడంలోనే ఒక ఆలోచన ఉంది. పొరుగువాడి భాష నేర్చుకోవడానికి పొరుగువాడి దగ్గరికే వెళ్లాలన్న ఆలోచన. కుప్పం స్టేషన్లో బెంగళూరు, జోలార్‌పేట రైళ్లు దిగే జనం నోట మూడు భాషలు వినపడతాయి, ఒకే వాక్యంలో కూడా. అక్కడ దాన్ని వైవిధ్యమని ఎవరూ పేరుపెట్టి పిలవరు. బతుకే అంత.

కాలేజీల లెక్క వేరు. జాతీయ ర్యాంకుల్లో ప్రాంతీయ వైవిధ్యానికి 30 మార్కులు. వాటిలో 25 ఇతర రాష్ట్రాల పిల్లలకు, 5 ఇతర దేశాల పిల్లలకు. ఆ లెక్కన కృష్ణగిరినుంచి కుప్పం వచ్చి చేరిన అమ్మాయి వైవిధ్యం కిందికి వస్తుంది. పుంగనూరులో ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగు చదువుతూ, కాలేజీలో ఇంగ్లిషుతో కుస్తీపట్టే అబ్బాయి రాడు. పుంగనూరు కాలేజీలో ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను. బెంచీల మీద ఆ మూడు భాషల మధ్య నలిగే పిల్లలు ప్రతి ఏడూ ఉండేవారు. వాళ్లు నా కళ్లకు కనిపించారు, నా లెక్కలోకి రాలేదు. పాస్‌పోర్టు ఉన్న తేడానే తేడాగా చూడటం నాకు ఏ ర్యాంకుల పట్టికా నేర్పలేదు. అది నాలో ముందే ఉంది.

మా అమ్మాయి అమెరికాలో చదువుతోంది. 2023-24లో అక్కడ చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. మా పుంగనూరు, మదనపల్లె వీధుల్లోంచి కూడా చాలామంది పిల్లలు వెళ్లారు. అమ్మాయి వెళ్లినప్పుడు యూనివర్సిటీవాళ్లు విమానాశ్రయానికి మనిషిని పంపారని, మొదటివారం ఒక స్థానిక కుటుంబం తమ ఇంట్లో ఉంచుకుందని చెబితే, అలాగే ఉండాలి కదా అనుకున్నాను. ఆ కుటుంబం తన వంటింటి గురించి ఎంత ఆలోచించిందో, పొరుగువాళ్లకు ఏం చెప్పుకుందో నాకు తట్టనేలేదు. నా బిడ్డకు అందిన ఆదరణను హక్కుగా తీసుకున్నాను. నా గడపలోకి వచ్చినవాళ్ల విషయంలో దాన్నే దయగా తూకం వేస్తున్నాను.

పుస్తకంలో ఆ పేజీ ఇప్పుడు రాస్తున్నాను. ఊరికి స్వాగతమన్న మాటలు తగ్గించాను. ఇల్లుగలాయన నింపాల్సిన ఫారం ఏమిటి, అడ్వాన్సు ఎంత అడగవచ్చు, మాంసం వండుకోవడంపై ఏ వీధిలో పేచీ రావచ్చు, కూరగాయల అంగట్లో ధర ఎలా అడగాలి, ఇవన్నీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇల్లు బాడుగకు ఇచ్చేవాళ్లకోసం తెలుగులో కూడా రెండు పేజీలు చేర్చమని కాలేజీవాళ్లను అడిగాను. అసలు తెలియజెప్పాల్సింది వచ్చేవాళ్లకంటే మాలాంటివాళ్లకే ఎక్కువ.

గది సంగతి ఇంట్లో కదిపినప్పుడు మా ఆవిడ పోలీసు ఫారం గురించి అడగలేదు, వంట గురించీ అడగలేదు. “ఆ బిడ్డలకు జొరమొస్తే ఎవురు చూసుకుంటారు? ఆస్పత్రిలో మాట చెప్పేదానికైనా ఎవురో ఒకరు ఉండాల గదా,” అంది. నేను వేసుకున్న ప్రశ్నల్లో ఒక్కటి కూడా వాళ్ల పక్కన నిలబడి వేసుకున్నది కాదని అప్పుడర్థమైంది.

ఆదివారం గది చూసుకోవడానికి రమ్మని వాళ్లకు ఫోన్ చేశాం. బాడుగ, నీళ్ల మోటారు వేళలు, ఫారం ఎవరు ఎక్కించాలి, అన్నీ ఆరోజే మాట్లాడుకోవాలి. వంట విషయంలో మా ఇద్దరికీ ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. వాళ్లేమంటారో విన్నాక తేల్చుకుంటాం.