మఱువనొల్లని ప్రేమ

ప్రేమకథలలో మన పూర్వులు భయపడినది మఱపునకు. నన్నయ భారతమున దుష్యంతుడు శకుంతలను నిండుసభలో నెఱుగననెను; కాళిదాసు ఆ దోషమును దుర్వాసుని శాపముపై మోపి రాజును కొంత కాపాడెను. నేడు హైదరాబాదులోని ఖాజాగూడ గుట్టల క్రింద, పెద్దచెరువు చుట్టుపట్ల మొలచిన హాస్టళ్లలో నివసించుచు గచ్చిబౌలి కార్యాలయములకు పోవు యువతులలో కొందఱను పీడించునది, విడిపోయిన పిమ్మటను మఱువనొల్లని వాని జ్ఞాపకము.

ఒక ఖాతాను బ్లాక్ చేసినచో వేఱొక పేరుతో మరల వచ్చును. ఒకప్పుడు అనురాగముతో పంపిన చిత్రమే బెదిరింపై తిరిగివచ్చును. తలిదండ్రులకును, సహోద్యోగులకును అజ్ఞాతసందేశములు చేరును. "నంబరు మార్చుకోరాదా అమ్మా" అని పెద్దలందురు. తప్పు చేసినవాడు హాయిగా పాత నంబరుతోనే తిరుగుచుండగా మార్చుకొనవలసినది ఆమె యెందుకో వారెవ్వరును చెప్పరు.

అతని దుఃఖము నిజమే కావచ్చును. వియోగబాధను నేను చులకన చేయను. కాని బాధపడుట వేఱు, ఆ బాధను ఎదుటివారి జీవితముపై అధికారపత్రముగా చెలామణి చేయుట వేఱు. ప్రేమలో నిచ్చిన సమ్మతి ఆ మనుష్యునకు, ఆనాటి విశ్వాసమునకు ఇచ్చినది. ఆ విశ్వాసము నశించినపుడు చిత్రము అతని ఫోనులో మిగిలియుండవచ్చును గాని, దానిపై హక్కు మిగులదు.

న్యాయస్థానములు ఈ సంగతిని క్రమముగా గుర్తించినవి. తనను వివాహమాడ నిరాకరించిన స్త్రీని అంతర్జాలమున అవమానించిన వానిని 2004లో చెన్నైలో శిక్షించిరి. పూర్వప్రియురాలి చిత్రములను బయలుపఱచిన యువకునికి 2018లో పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్ కోర్టు 5 ఏండ్ల కారాగారము విధించెను. 2013 సవరణతో నేరమైన వెంటాడుట నేడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షనులో నున్నది; మొదటి నేరమునకు 3 ఏండ్ల వఱకు, మరల చేసినచో 5 ఏండ్ల వఱకు శిక్ష. స్త్రీ తన విముఖతను స్పష్టముగా తెలిపిన పిమ్మటను పదేపదే సంప్రదించుట ఆ సెక్షనునకు ఆయువుపట్టు గనుక, ఒక్కసారి తేటగా వద్దని వ్రాసి, ఆపైన వాదమునకు దిగక మిన్నకుండుట మేలని నా యభిప్రాయము.

భారతమున శకుంతల పక్షమున సాక్ష్యము పలికినది అశరీరవాణి. నేటి కోర్టులలో ఆకాశము పలుకదు. అసహ్యముతో ఆ సందేశములను తుడిచివేయ బుద్ధిపుట్టుట సహజమే యైనను, స్క్రీన్‌షాట్లు, ఖాతాల లంకెలు, తేదీలు భద్రపఱచినగాని దర్యాప్తునకు ఆధారముండదు. స్త్రీల రక్షణకై 2014 అక్టోబరులో హైదరాబాదున ఆరంభమైన పోలీసు బృందములు, షీ టీములు, సైబరాబాదులోను పనిచేయుచున్నవి. జాతీయ సైబర్ నేరముల పోర్టలులో స్త్రీలకు సంబంధించిన కొన్ని ఫిర్యాదులను పేరు చెప్పకయే చేయవచ్చును.

పెద్దలారా, మీ యింటి పిల్ల వచ్చి ఈ మాట చెప్పిననాడు ఆ చిత్రమెందుకు పంపితివని అడుగక, ముందు ఠాణా వఱకు తోడు వెళ్లుడు.