సంకుబుడి కొంగ, నాబోతు ద్రాక్షతోట
ధ్యానమునకు: యిర్మీయా 8:7, 1 రాజులు 21:1-16



చెన్నై సెంట్రల్‌లో రైలెక్కి నెల్లూరు, ఒంగోలు వైపు స్వస్థలములకు పోవు మనము సూళ్లూరుపేట స్టేషను ఎన్ని మారులు దాటియుంటిమో లెక్కలేదు. అక్కడ దిగి శ్రీహరికోట రోడ్డున కొంత దూరము పోయినచో ఇరువైపులా నీరే. అదియే పులికాట్ సరస్సు. ఉప్పునీటి సరస్సులలో మన దేశమున ఒడిశాలోని చిల్కా తరువాత పెద్దది ఇదే. ఎక్కువ భాగము ఆంధ్రలోను, మిగిలినది తమిళనాట తిరువళ్లూరు జిల్లాలోను ఉన్నది. ఆంధ్ర భాగమును 1976లో, తమిళనాడు భాగమును 1980లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి.

ఈశాన్య ఋతుపవనములతో ఫ్లెమింగోలు, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడికి చేరును. గూడబాతులు ప్రక్కనున్న నేలపట్టు చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచును. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలమునకు మంచి ఎరువని ఆ ఊరివారు వాటిని తరుమరు, కొట్టరు.

యిర్మీయా ప్రవక్త చెప్పినది ఇట్టి పక్షులను గూర్చియే. మన తెలుగు బైబిలులో సంకుబుడి కొంగ అని పేరు పెట్టిన పక్షి ఐరోపాకును ఆఫ్రికాకును మధ్య పాలస్తీనా మీదుగా ఏటేటా రాకపోకలు చేయును. ప్రవక్త తల యెత్తి దానిని చూచియుండును. పక్షికి తన సమయము తెలియును గాని, దేవుని ప్రజలకు ఆయన న్యాయవిధి తెలియదాయెనే అని ఆయన దుఃఖము. వలస వచ్చి ఈ పట్టణమున స్థిరపడిన మనకు వలస పక్షిని సాక్షిగా నిలువబెట్టిన ఈ వాక్యము కొంచెము గట్టిగానే తగులును.

మేము ఉపాధ్యాయులము గనుక సరస్సు పని చేయు తీరును రెండు మాటలలో చెప్పనిండు. ఆరణి, కాళంగి నదుల మంచినీరు ఒక ప్రక్కనుండి, బంగాళాఖాతపు ఉప్పునీరు ముఖద్వారముల గుండ మరొక ప్రక్కనుండి వచ్చి ఇందులో కలియును. రొయ్య పిల్లలు సముద్రమునుండి లోపలికి వచ్చి పెరుగును. ముఖద్వారము ఇసుకతో పూడినయెడల రొయ్య లేదు, చేప లేదు. జాలరి ఇంట పొయ్యి వెలుగదు. నీటి లోతు మారినను కష్టమే. ఫ్లెమింగో లోతు తక్కువ నీటిలో నిలిచి మేయు పక్షి. సముద్రమునకును సరస్సుకును మధ్యనున్నది సన్నని ఇసుక నేల మాత్రమే. అక్కడి జాలరులలో ‘పాడు’ అను పాత కట్టుబాటు ఉన్నది. వలవేయు చోట్లను వంతుల ప్రకారము పంచుకొందురు. ఇశ్రాయేలీయులు స్వాస్థ్యము పంచుకొన్న విధము జ్ఞాపకమునకు వచ్చును.

ఈ సరస్సుకు దక్షిణమున కాట్టుపల్లి ఓడరేవు ఉన్నది. 2018లో అది అదానీ సంస్థ చేతికి వచ్చెను. దానిని 330 ఎకరములనుండి 6,111 ఎకరములకు పెంచవలెనను ప్రతిపాదన వచ్చినది. అందులో కొంత భాగము సముద్రమును పూడ్చి చేయవలసినది. అలల పోకడ మారి ఆ సన్నని ఇసుక నేల కోసుకొనిపోవునని జాలరుల భయము. 2021 జనవరిలోను, 2023 సెప్టెంబరులోను తలపెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ రెండు మారులును జరుగక నిలిచిపోయెను. అదే 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదలో మణలి నుండి నూనె ఎన్నూరు కడలిపాయలోనికి దిగి, గూడబాతుల రెక్కలు నల్లబడిన చిత్రములు మనమందరము చూచితిమి.

నాబోతు కథను మరల చదువుడి. అహాబు మొదట బలాత్కారము చేయలేదు. తోటకు సరియైన వెల ఇచ్చెదననెను, లేదా అంతకంటె మంచి తోట ఇచ్చెదననెను. లోకరీతిగా న్యాయమైన బేరమే. నాబోతు మాత్రము అది పితరుల స్వాస్థ్యము, అమ్మకూడనిది అని యెంచెను. మనము సాధారణముగా యెజెబెలును నిందించి ఊరుకొందుము. ఆమె వ్రాసిన తాకీదులు ఎవరికి పోయెను? ఆ ఊరి పెద్దలకు. వారు ఒక్క ప్రశ్నయైనను అడుగక, వ్రాసి పంపినట్టే చేసిరి. సంఘపు పెద్దలమైన మేము ఈ వచనములను చదువునప్పుడు భయపడుచున్నాము. ఏ కంపెనీవారినో అహాబుతో పోల్చుట మా ఉద్దేశము కాదు. మా మాట పెద్దలను గూర్చియే.

ఓడరేవులో పనిచేయు మన సంఘ యౌవనస్థుడొకడు, “అయ్యగారూ, పోర్టు లేకపోతే మా జీతం ఎక్కడిది?” అని మమ్మును అడిగెను. న్యాయమైన ప్రశ్న. ఆ జీతములోని దశమభాగము మన కానుక సంచిలోనికి వచ్చుచున్నది గదా! అభివృద్ధి పాపమని మేము చెప్పుట లేదు. 1876-78 నాటి ధాత కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని, ఆకలితో చచ్చుచున్న మన పితరులకు కూలి ఇప్పించిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిన 2,222 మందిలో ఆ కాలువ మట్టి మోసినవారు ఎందరో. ఆ కాలువయే పులికాట్ గుండ చెన్నై వరకు వచ్చును. మన పితరులు త్రవ్వినది ఆకలిగొన్నవానికి అన్నము పెట్టిన కాలువ. కొత్తగా కట్టబోవు దేనినైనను అదే కొలతతో కొలువవచ్చును: దీనివలన తినువాడెవడు, పస్తుండువాడెవడు?

ఆ యౌవనస్థునితో మేము, ఉన్న ఓడరేవులో నమ్మకముగా పని చేయుమంటిమి. పెంపు విషయములో మాత్రము జాలరుల మాట కూడ వినుమంటిమి. అతడు పూర్తిగా ఒప్పుకొనలేదు.

ఇక మనకు నేరుగా సంబంధించినది ఒకటి. పొన్నేరి వైపు ప్లాట్లు, తక్కువ వాయిదాలు అను కరపత్రములు ఆరాధన ముగియగానే గుడి గేటు వద్ద పంచబడుచున్నవి. పిల్లల పెండ్లికి పనికివచ్చునని కొనువారు మనలో ఉన్నారు. బయానా ఇయ్యకముందు ఆ నేల చెరువా, ఉప్పు కయ్యయా, అభయారణ్యపు హద్దులోనిదా అని పట్టా, సర్వే నంబరు తాలూకా ఆఫీసులో చూపించి అడుగుడి. పళ్లికరణై చిత్తడినేల మీద ఇండ్లు లేచిన తరువాత 2015 వరదలలో దక్షిణ చెన్నై ఏమాయెనో మనము ఎరుగుదుము. మిగిలిన చిత్తడినేలకు 2022లో రాంసార్ గుర్తింపు వచ్చినది గాని, కట్టినవి కట్టినట్టే ఉన్నవి.

జనవరిలో సండే స్కూలు పిల్లలను నేలపట్టు తీసికొనిపోవలెనని సంకల్పించియున్నాము. ఉపాధ్యాయినులు పేర్లు వ్రాసికొనవలెను. మీలో దుర్భిణి ఉన్నవారు ఒక దినమునకు ఎరువిచ్చినయెడల కృతజ్ఞులము.