కాలదోషం పట్టేది నోటుకా, బాకీకా?

యాకుత్‌పురా గల్లీల్లో చిన్న వ్యాపారం చాలావరకు నమ్మకం మీదే నడుస్తుంది. చేబదులు తీసుకుంటాం, ఉద్దెర రాసుకుంటాం, స్నేహితుని కోసం జామీను సంతకం పెడతాం. ఆ మాటలకు చట్టంలో ఏమర్థముందో, అల్లాహ్ వద్ద ఏమర్థముందో మనలో ఎంతమందిమి ఆలోచిస్తున్నాం?

ప్రామిసరీ నోటు అంటే ఫలానా మొత్తం చెల్లిస్తానని బాకీదారు సంతకం చేసి ఇచ్చే వ్రాతపూర్వకమైన మాట. గడువు పెట్టుకుని చేసే అప్పును వ్రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ (2:282) బోధిస్తోంది. కనుక కాగితం అడగడం అనుమానించడం కాదు.

జామీను అంటే సాక్షి సంతకం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, వేరే షరతు లేకపోతే, బాకీదారు ఎంత బాధ్యుడో జామీనుదారూ అంతే బాధ్యుడు.

ఇక కాలదోషం. అడిగినప్పుడు చెల్లించవలసిన నోటుపై, వ్రాసిన తేదీ నుంచి 3 సంవత్సరాల్లోగా దావా వేయాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతోంది. ఆలోగా బాకీదారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకం చేస్తే, గడువు మళ్లీ మొదలవుతుంది.

గడువు దాటితే "నోటు చచ్చింది, బాకీ తీరింది" అని కొందరు సంతోషిస్తారు. చట్టం కూడా అలా అనలేదు! అది కోర్టు తలుపు మాత్రమే మూస్తుంది. పాత బాకీ తీరుస్తానని మళ్లీ వ్రాసి సంతకం చేస్తే ఆ మాట చెల్లుతుందని కాంట్రాక్టు చట్టంలోని 25వ సెక్షనే చెబుతోంది. ఏళ్లు గడిస్తే సాక్షులు మరణిస్తారు, కాగితాలు పోతాయి. కోర్టుకు గడువు అవసరమే. కానీ తీసుకున్న సంగతి మన మనస్సుకు తెలుసు. దానికి సాక్షులతో పనేముంది?

ఒక జనాజా వద్ద, మృతునికి బాకీ ఉందని తెలిసి దైవప్రవక్త (స) తాము నమాజు చేయించడానికి ముందుకు రాలేదు. అబూ ఖతాదా (రజి) ఆ బాకీకి బాధ్యత వహించిన తర్వాతే చేయించారు. ఆ హదీసులో బాకీ ఎంత పాతదన్న ప్రశ్నే లేదు.

ఇబ్బందుల్లో ఉన్నవానికి వ్యవధి ఇవ్వాలని, మాఫీ చేస్తే మరీ మేలని ఖుర్ఆన్ (2:280) ఋణదాతకూ చెబుతోంది. అయితే మాఫీ చేసే హక్కు ఇచ్చినవానిదే, క్యాలెండరుది కాదు. కట్టలేకపోతే వెళ్లి వ్యవధి అడుగుదాం. బాకీలు వ్రాసిపెట్టి ఇంట్లోవాళ్లకు చెబుదాం. వారసులు ఆస్తి పంచుకునేది బాకీలు తీర్చిన తర్వాతే (4:11).

అల్లాహ్ మనందరినీ తోటివారి హక్కుల భారం నుంచి విముక్తుల్ని చేయుగాక! (ఆమీన్)