నాయిన చేసింది చెప్పుకుందాం



తాండూరు నాపరాయి మీ ఇంట్లోనూ ఉండొచ్చు. ఎండాకాలం కాలికి చల్లగా తగిలే బండ. దాన్ని కోసి, నునుపు పట్టించిన చేతులు ఎవరో ఒక నాయినవి.

అలాంటి నాయినను తలచుకుందాం. పొద్దుగూకాక ఇల్లు చేరితే కనుబొమ్మల మీద కూడా రాతిపొడి. పిల్లలు ఉరికొస్తే, "ఆగు బిడ్డా" అంటాడు. ఆ పొడి ఊపిరికి చేటు. ముందు తొట్టి దగ్గర ఒళ్లు కడుక్కుంటాడు. తర్వాతే చంకనెత్తుకుంటాడు. భార్యకు జ్వరమొస్తే తానే పొయ్యి వెలిగిస్తాడు. కందిపప్పు మెత్తగా ఉడికిస్తాడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆయనకు మాత్రం అది ఆమెకు ఇష్టమైన పప్పు, అంతే.

ఇలాంటి మనిషి ప్రేమను నోటితో చెప్పడు. చేసి పోతాడు. పోయాక ఫొటోకు దండ వేస్తాం. వేయాలి కూడా. దాంతోపాటు ఆయన చేసింది చెప్పుకుందాం. ఆ తొట్టి, ఆ పొడి, ఆ పప్పు. తాతను చూడని మనవడికి ఫొటోలో మొహమే తెలుస్తుంది. మనిషి తెలియాలంటే, ఆయన చేసింది మనమే చెప్పాలి.

ఇవాళ అమ్మ పక్కన కాసేపు కూర్చోండి. జ్వరమొచ్చినప్పుడు నాయిన ఏం వండిపెట్టేవాడో అడగండి. ఎవరైనా అడిగితే బాగుండునని ఆమె ఎన్నాళ్లుగానో చూస్తుండొచ్చు.