సాక్ష్యం కోరిన తల్లి

కొన్ని సంవత్సరాల క్రితం ఢిల్లీలో మేము నివసించే ప్రభుత్వ క్వార్టర్లలో మా పొరుగున ఒక తెలుగు కుటుంబం ఉండేది. ఆ ఇంటి పిల్లవాడికి నాలుగేళ్లు నిండినా మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. తిరుగుతున్న ఫ్యాను కింద నిలబడి ఎంతసేపైనా దానినే చూస్తూ ఉండిపోయేవాడు. వైద్యులు ఆటిజం అన్నారు. ఒక సాయంకాలం ఆ తల్లి పెద్ద కవరొకటి చేతబట్టుకొని మా ఇంటికి వచ్చింది. అందులో పిల్లవాడి మెదడుకు తీయించిన ఎం.ఆర్.ఐ. ఫిల్ములు, వాటితోపాటు ఒక పుట నివేదిక ఉన్నాయి. మెదడు నిర్మాణంలో లోపమేదీ కనిపించలేదని ఆ నివేదిక చివరి వాక్యం. మంచిదే కదమ్మా అనబోయాను. ఆమె నన్ను అననివ్వలేదు.

"ఒక్క మచ్చయినా కనిపించి ఉంటే బాగుండేదండీ అన్నయ్యగారూ. నేను ఉద్యోగానికి పోయి, బిడ్డను ఆయా చేతిలో పెట్టి, పలకరించక వాణ్ణి ఇలా చేశానని మా అత్తగారు అంటున్నారు. ఏం చూపించి కాదనను?"

కన్నబిడ్డ మెదడులో లోపం ఉండాలని ఏ తల్లీ కోరుకోదు. ఆమె వెతుకుతున్నది తనకు అనుకూలంగా పలికే ఒక సాక్షిని. ఆ సాక్షి ఆమె పక్షాన నోరు విప్పలేదు. ఒక తల్లి నిర్దోషిత్వానికి గాని, ఒక పిల్లవాడి గౌరవానికి గాని మెదడు చిత్రం సాక్ష్యం పలకవలసి రావడం న్యాయమేనా అన్న ప్రశ్న ఆనాటి నుండి నన్ను విడిచిపెట్టలేదు.

చరిత్ర విద్యార్థిగా నేను మొదట చేసిన పని ఆ నింద ఎక్కడ పుట్టిందో వెతకడం. మా పొరుగింటి అత్తగారు ఎవరి గ్రంథమూ చదివి ఆ మాట అనలేదు. అయినా అదే మాటను ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పెద్ద పండితులు శాస్త్రం పేరిట అన్నారు. 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని ఒక ప్రత్యేక స్థితిగా వర్ణించాడు. ఇతరులతో సహజమైన అనుబంధం ఏర్పరచుకోలేని స్థితి వారికి పుట్టుకతోనే వచ్చిందని ఆ వ్యాసంలో అభిప్రాయపడ్డాడు. కాని ఆ పిల్లల తల్లిదండ్రులలో ఆప్యాయత కొరవడిందన్న మాట కూడా ఆయనే అన్నాడు. తరువాతి కాలంలో లోకం మొదటి మాటను మరచి రెండవదానిని పట్టుకుంది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ వెలువరించిన గ్రంథం తల్లుల నిరాదరణనే కారణంగా చూపి విశేష ప్రచారం పొందింది. అప్పటికే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త ఇది శరీరధర్మానికి సంబంధించిన విషయమని వాదించి ఉన్నాడు. ఆయన స్వయంగా అటువంటి బిడ్డకు తండ్రి. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రటర్ ఇరవై ఒక్క కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుండి జన్మించిన పదకొండు జంటలలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు వేరు అండాల నుండి జన్మించిన పది జంటలలో ఒక్కదానిలోనూ అలా లేదు. వంశపారంపర్యం పాత్ర ఇంత స్పష్టంగా కనిపించిన తరువాత తల్లుల మీది అభియోగానికి శాస్త్రంలో చోటు క్రమంగా లేకుండా పోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మెదడు చిత్రాల పరిశోధన విస్తరించకముందే ఆ తల్లులకు విముక్తి పలికే ఆధారాలు దొరికాయి. మా పొరుగింటి ఇల్లాలికి కావలసిన సాక్ష్యం ఆమె పుట్టకముందే సిద్ధంగా ఉంది. అది ఆమె వంటింటి దాకా చేరలేదు, అంతే.

అలాగని మెదడు చిత్రాల పరిశోధన వ్యర్థమని నేను అనడం లేదు. ఢిల్లీకి సమీపాన, హర్యానాలోని మానేసర్‌లో, ఆరావళి గుట్టల అంచున జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం కింద నడిచే ఈ సంస్థను 2003 డిసెంబరులో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. అక్కడ నందినీ చటర్జీ సింగ్ పరిశోధక బృందం ఆటిజం ఉన్న పిల్లల మాటతీరును అధ్యయనం చేసింది. వారి మాటలో స్వరపు ఆరోహణ అవరోహణలు తోటిపిల్లల మాటలో కన్నా హెచ్చుగా ఉంటాయనీ, అవి తల్లులు పసిపాపలతో సాగదీసి మాట్లాడే తీరును పోలి ఉంటాయనీ 2010లో ఆ బృందం తెలిపింది. 2015లో ప్రకటించిన మరొక పరిశోధనలో ఆ పిల్లలకు మాటలను ఒకసారి మామూలుగా పలికి, ఒకసారి పాడి వినిపించి మెదడు స్పందనను చిత్రించారు. పలికిన మాటను విన్నప్పుడు మెదడు ముందు భాగానికీ కణత భాగానికీ నడుమ సమన్వయం తగ్గింది. పాడిన మాటను విన్నప్పుడు ఆ సమన్వయం చాలావరకు నిలిచింది.

ఆ ఫలితాన్ని చదివినప్పుడు నాకు మా పొరుగింటి పిల్లవాడే గుర్తుకు వచ్చాడు. పిలిస్తే పలకని ఆ బిడ్డ తల్లి జోల పాడితే ఫ్యాను మీది నుండి చూపు మరల్చి వినేవాడు. ఈ సంగతి ఆమె ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడు ఎవరూ దానిని జ్ఞానంగా లెక్కించలేదు, నాతో సహా.

మన తార్కికులు జ్ఞానసాధనాలను ప్రమాణాలన్నారు. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగింటిని అంగీకరించింది. మెదడు చిత్రం ఇందులో ఏ కోవకు చెందుతుంది? కంటికి కనబడుతున్నది కనుక ప్రత్యక్షమని సామాన్యులమైన మనం భ్రమిస్తాం. వాస్తవానికి అది అనుమాన ప్రమాణం. 1990లో సీజీ ఒగావా ప్రతిపాదించిన పద్ధతిలో యంత్రం పట్టుకునేది రక్తంలోని ప్రాణవాయువు హెచ్చుతగ్గుల వల్ల కలిగే అయస్కాంత సంకేతంలోని స్వల్పమైన మార్పును. ఆ మార్పు నుండి నాడీకణాల చలనాన్ని ఊహిస్తారు. వేలాది బిందువులను గణితశాస్త్ర పరీక్షకు గురిచేసి, నిలిచిన వాటికి ఎరుపు, పసుపు రంగులు అద్దుతారు. పొగను చూసి నిప్పును ఊహించడం వంటిదే ఇది. ఆ ఊహ సాధారణంగా సరైనదే కావచ్చు. కాని పొగ అని మనం అనుకున్నది మంచు అయితే అనుమానం తప్పుతుంది.

అలా తప్పిన సందర్భాలు ఉన్నాయి. 2009లో అమెరికా పరిశోధకులు కొందరు చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో ఉంచి, మనుషుల బొమ్మలు చూపి, గణితపరమైన సవరణ చేయకపోతే ఆ చేప మెదడు కూడా స్పందించినట్లు కనబడుతుందని నిరూపించారు. ఇది నవ్వుకోదగినదైనా, ఆటిజం విషయంలో ఇంతకన్నా గంభీరమైన చిక్కు ఒకటి ఉంది. ఆటిజం ఉన్నవారి మెదడులో దగ్గరి ప్రాంతాల మధ్య అనుసంధానం ఎక్కువగా, దూర ప్రాంతాల మధ్య తక్కువగా ఉంటుందన్న వాదం కొంతకాలం ప్రబలంగా ఉండేది. చిత్రం తీసే సమయంలో తల ఏమాత్రం కదిలినా సరిగ్గా అటువంటి తేడాయే కృత్రిమంగా ఏర్పడుతుందని 2012లో పరిశోధకులు గుర్తించారు. పిల్లలు కదులుతారు. యంత్రం చేసే మోతకు బెదిరే పిల్లలు ఇంకా ఎక్కువగా కదులుతారు. కనుక మెదడు భేదమని మనం భావించిన దానిలో ఎంత భాగం బిడ్డ భయమో విడదీసి చూడవలసి వచ్చింది.

ఈ చిక్కు సాంకేతికమైనదే కాదు, నైతికమైనది కూడా. కదలక పడుకోగలిగిన పిల్లలే ఎక్కువగా పరిశోధనకు అందుతారు. మాట రానివారు, చెప్పిన సూచనను గ్రహించలేనివారు, మోతను భరించలేనివారు తరచుగా ఆ లెక్కలోకి రారు. అందరికన్నా ఎక్కువ సహాయం అవసరమైన బిడ్డ శాస్త్రానికి అందరికన్నా తక్కువ తెలిసిన బిడ్డగా మిగిలిపోతున్నాడు.

2017లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం మరొక ప్రశ్నను లేవనెత్తింది. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పసిపిల్లలకు ఆరవ నెలలో, ఏడాది నిండినప్పుడు నిద్రలో ఉండగా చిత్రాలు తీసి, మెదడు ఉపరితలం పెరిగిన తీరును బట్టి రెండేళ్ల వయసులో ఎవరికి ఆటిజం నిర్ధారణ అవుతుందో ముందుగా అంచనా వేశారు. అవునన్న అంచనాలలో పదింట ఎనిమిది నిజమయ్యాయి. ఇది గొప్ప విజయమే. మిగిలిన ఇద్దరు పిల్లల సంగతి కూడా ఆలోచించాలి. ఇంకా కూర్చోవడం నేర్చుకుంటున్న పసిబిడ్డ నుదుట యంత్రం రాసిన రాతను ఆ ఇల్లు ఏ విధంగా చదువుతుంది? ముందుగా తెలిస్తే ముందుగా తోడ్పడవచ్చునన్నది నిజం. తోడ్పాటు అందుబాటులో లేనిచోట ముందుగా తెలియడం దుఃఖాన్ని ముందుకు జరపడమే అవుతుంది.

మనుషుల తలలను కొలిచి వారి యోగ్యతను నిర్ణయించే ప్రయత్నం మన దేశానికి కొత్త కాదు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా 1885 నుండి 1908 వరకు పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది ప్రజల తలలను, ముక్కులను పరికరాలతో కొలిచి, 1909లో కులాలు తెగల గురించి ఏడు సంపుటాలు వెలువరించాడు. 1901 జనాభా లెక్కల కమిషనరు హెర్బర్ట్ రిజ్లీ ముక్కు కొలతకూ సాంఘిక స్థాయికీ సంబంధం ఉందన్నాడు. నేటి పరిశోధకులను వారితో పోల్చడం అన్యాయం. వీరు తమ పొరపాట్లను తామే వెతికి ప్రకటించుకుంటున్నారు. అయినా కొలత పత్రం చేతికి వచ్చిన అధికారి మనస్తత్వం అంత త్వరగా మారదు. ఆ పత్రాలతోనే జీవితం గడిపినవాడిని కనుక ఈ మాట అనగలుగుతున్నాను.

ప్రభుత్వానికి కొలతలు అక్కర లేదా? ఉన్నాయి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రస్తావనే లేదు. ఢిల్లీలో ఒక తల్లి, మెర్రీ బారువా, ప్రారంభించిన యాక్షన్ ఫర్ ఆటిజం వంటి సంస్థల కృషి తోడై 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో దానికి స్థానం లభించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క వైకల్యాలలో ఒకటిగా దానిని గుర్తించింది. ధ్రువీకరణకు వాడే భారతీయ ఆటిజం మాపనం మన సికింద్రాబాదులోని జాతీయ సంస్థ రూపొందించినది. అందులో నలభై అంశాలున్నాయి. డెబ్బై లేదా అంతకు మించి మార్కులు వస్తే ఆటిజం ఉన్నట్లు లెక్క. గమనించదగిన విషయమేమంటే, అందులో మెదడు చిత్రం లేదు. బిడ్డను కళ్లారా చూడడం, తల్లిదండ్రులను అడిగి తెలుసుకోవడం, ఇవే దానికి ఆధారం. న్యాయదర్శన పరిభాషలో చెప్పాలంటే అది ప్రత్యక్షాన్నీ, ఆప్తవాక్యమైన శబ్దాన్నీ ప్రమాణంగా స్వీకరించింది.

ఈ అవసరం చిన్నది కాదు. హర్యానాలోని పల్వల్, మన హైదరాబాదు సహా ఐదు ప్రాంతాలలో జరిగిన సర్వే ఫలితాలు 2018లో వెలువడ్డాయి. రెండు నుండి తొమ్మిదేళ్ల వయసు పిల్లలలో దాదాపు ఎనిమిది మందికి ఒకరు నాడీ వికాసానికి సంబంధించిన ఏదో ఒక ఇబ్బందితో ఉన్నారని అవి తెలిపాయి. ఇందరికీ చిత్రం తీయించడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. వారి మాట వినే ఉపాధ్యాయుడు, కార్యకర్త, గుమాస్తా అవసరం.

కనుక నా సమాధానం ఇది. మెదడు చిత్రం శాస్త్రజ్ఞుడి ప్రశ్నకు ఆధారం కావచ్చు. సమూహాల సగటును గురించి అది చెప్పగలదు, రేపు మరింత చెప్పవచ్చు. ఒక తల్లి దోషాన్ని గాని, ఒక బిడ్డ అర్హతను గాని తేల్చే న్యాయపీఠం మీద దానిని కూర్చోబెట్టరాదు. చిత్రంలో మచ్చ కనబడితేనే తల్లి నిర్దోషి అని నేడు ఒప్పుకుంటే, కనబడని తల్లులందరినీ దోషులను చేసినవారమవుతాము. నింద మోపినవారు రుజువు చూపాలన్నది న్యాయస్థానాలు ఎరిగిన ధర్మమే. దానిని ఇంటి గడప లోపల ఎందుకు మరచిపోతాము?

ఆ కుటుంబం తరువాత బదిలీపై వేరే నగరానికి వెళ్లిపోయింది. ఆ సాయంకాలం నేను ఆమెకు ఏ జవాబూ ఇవ్వలేదు. ఫిల్ములను వెలుతురుకెత్తి, ఏదో తెలిసినవాడిలా చూసి, తిరిగి కవరులో పెట్టి ఇచ్చాను. ఇప్పుడైతే ఆ కవరును పక్కన పెట్టమని చెప్పి, మీవాడు ఏ పాటకు తలతిప్పి చూస్తాడమ్మా అని అడిగి ఉండేవాడిని.